‘మామూలు’ అంటే ఎవరి మామూలు?

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో సీనియర్ సీఆర్పీ ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)



నాకు ఇచ్చిన అంశం ‘సంఘాల్లో ఐకమత్యం’. ఐకమత్యం గొప్పదని మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అది ఎక్కడ చెడుతుందో చెప్తాను. అందరూ డబ్బు దగ్గర చెడుతుందంటారు. డబ్బు తగాదాకి పుస్తకం ఉంది, రసీదు ఉంది, కూర్చుంటే తేలిపోతుంది. తేలనిది ఇంకొకటుంది. ‘ఆమె మామూలుగా ఉండదమ్మా’ అని ఒక మాట అంటాం చూడండి, దానికి రసీదు ఉండదు.

ఈ ‘మామూలు’ అనే మాట ఉర్దూ నుంచి మన నోటికి వచ్చింది. ఎన్ని పనులకి వాడతామో చూడండి. ఒంట్లో ఎట్టా ఉందంటే ‘మామూలే’ అంటాం. పండక్కి వచ్చి దసరా మామూలు అడుగుతారు. ఏదన్నా కాగితం కదలాలంటే చేతిలో పెట్టేదాన్ని కూడా మామూలే అన్నాం. లంచానికి ఎంత మర్యాదైన పేరు పెట్టామో! అందరూ ఇస్తున్నారు కాబట్టి అది మామూలు. ఎందుకివ్వాలని ఒకామె అడిగిందనుకోండి, ‘ఈవిడ తేడా మనిషి’ అంటారు. తప్పు ఎవరిదో పక్కకు పోయింది, అలవాటు ఎవరిదో అదే నిలబడింది. 

మా సీఆర్పీలం కొందరం సంఘాలు పెట్టించడానికి ఉత్తరాది రాష్ట్రాలకు పోయొచ్చాం. మన రాష్ట్రం నుంచి బీహార్‌కీ ఇంకా చాలా చోట్లకీ మనలాంటి ఆడవాళ్లే పోయి, ఊళ్లలో ఉండి, అక్కడి వాళ్లకు సంఘం నడపడం చూపించారని మీకు తెలుసు. మేం పోయిన ఊళ్లో మొదటి రోజు ముప్పై మంది వచ్చి కూర్చున్నారు. అందరికీ ముఖం మీద కొంగు. మా బృందంలో ఒకరు నా చెవిలో ‘వీళ్లకు నోరు తెరవడమే రాదు, పొదుపేం చేస్తారక్కా’ అన్నారు. అదే టైములో వాళ్లు మమ్మల్ని చూసి ఏమనుకున్నారో వారం తర్వాత చెప్పారు. వీళ్ల పాపిట్లో సింధూరం లేదు, అంటే మొగుళ్లు పోయినోళ్లేమో అనుకున్నారంట! మేమేమో వాళ్ల మెడల వంక చూసి, మన మాదిరి తాళిబొట్టు కనపడక, అదేందబ్బా అనుకుంటా ఉన్నాం. నలభై అయిదు రోజులు మొగుణ్ణీ పిల్లల్నీ వదిలి వచ్చారంటే ఇంట్లో తరిమేసి ఉంటారని కూడా ఒక పెద్దామె తేల్చేసింది.

ఇక మేనరికం సంగతి వచ్చినప్పుడు చూడాలి. మా బృందంలో ఒకామె సొంత మేనమామను చేసుకుంది. ఆ మాట చెప్పంగానే అక్కడి ఆడవాళ్లు చెంపల మీద చేతులు పెట్టుకున్నారు. ‘అమ్మ తోడబుట్టినవాడినా! రామ రామ!’ అని. అక్కడ చాలా కులాల్లో అటు తల్లి వైపు, ఇటు తండ్రి వైపు చుట్టరికం చూసి, ఏ కొంచెం దగ్గరున్నా పెళ్లి చేయరు. కొన్ని ప్రాంతాల్లో సొంత ఊరి పిల్లంటే చెల్లెలి లెక్క. మనకేమో మేనమామ వరసంటే మాట్లాడుకోనక్కర్లేని సంబంధం, అడగకుండా వేరే ఇచ్చారంటే అలక. 1955 హిందూ వివాహ చట్టం దగ్గరి రక్తసంబంధంలో పెళ్లి కూడదంటూనే, ఆచారం ఉన్న చోట చెల్లుతుందని మినహాయింపు పెట్టింది. చట్టం రాసిన వాళ్లకు కూడా రెండు మామూళ్లు కనిపించాయన్న మాట. (మేనరికం వల్ల పుట్టే పిల్లలకు కొన్ని జబ్బులొచ్చే అవకాశం ఎక్కువని డాక్టర్లు చెప్తూ ఉన్నారు. అది నిజమే, ఆ సంగతి ఏఎన్ఎం అమ్మ చెప్తుంది, వినండి. నేను చెప్పేది వేరే.)

నోరు తెరవడం రాదనుకున్న ఆ ఊళ్లో రెండో వారానికి కొంగు చాటు నుంచే లెక్కలడిగారు. వడ్డీ నూటికి రెండు రూపాయలంటే, ఆ వడ్డీ మళ్లీ ఎవరికి పోతుందని అడిగింది ఒక పిల్ల. సంఘానికే వస్తుందని చెప్పినాక, ‘అయితే షావుకారుకు పోయేది మాకే మిగులుతుంది’ అని తనే మిగతా వాళ్లకు వివరించింది. కొంగు తియ్యలేదు. తియ్యమని మేమూ అడగలేదు.

సరే, అది ఎక్కడో దూరాన. మన మండలానికి వద్దాం.

మన సంఘాలకు పంచసూత్రాలు ఉన్నాయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాలు సరిగ్గా రాయడం. ఈ అయిదూ మనల్ని నిలబెట్టినవి. నేను వాటికి వంక పెట్టడం లేదు. ‘క్రమం’ అంటే ఏందని మాత్రం అడుగుతా ఉన్నా. ఒక గ్రామ సంఘంలో నెలనెలా 5వ తారీఖు పొదుపు రోజు. ఎందుకు 5? పాల డబ్బులు అప్పటికి వస్తాయి, ఉద్యోగస్తుల ఇళ్లలో జీతాలు వస్తాయి, పింఛను ఒకటో తారీఖున చేతికొచ్చి ఉంటుంది. పెట్టిన వాళ్లకు అది సరిపోయింది. అదే ఊరి చివర ఉప్పుటేరు పక్కన యానాది అక్కచెల్లెళ్ల కాలనీ ఉంది. వాళ్ల సంఘం మీద గ్రామ సంఘం పుస్తకంలో ఏడాదిలో ఏడు సార్లు జరిమానా. ‘వాళ్లకు పొదుపు చేతకాదు, ఈ రోజు దొరికింది ఈ రోజే తినేస్తారు’ అని ఆ ఊళ్లో పెద్దక్కలు నాతో చెప్పారు. చెప్పేటప్పుడు కోపం కూడా లేదు, జాలిగానే చెప్పారు. జాలి ఇంకా కష్టం. కోపంగా అంటే ఎదురు చెప్పొచ్చు.

ఆ కాలనీ పుస్తకం తీసుకుని నేనూ బుక్ కీపరూ కూర్చున్నాం. పన్నెండు నెలల పొదుపూ కట్టి ఉంది. ఒక్క నెల కూడా ఎగ్గొట్టలేదు. కట్టిన తారీఖులు మాత్రం ఎక్కడెక్కడో ఉన్నాయి. అడిగితే ఒక చెల్లెలు చెప్పింది. వాళ్లలో ఎక్కువ మంది ఏటిలో చేపలు, పీతలు పట్టేవాళ్లు. అమావాస్యకూ పున్నానికీ పోటు పెద్దది, ఆ నాలుగైదు రోజులు ఏట్లోనే ఉంటారు. డబ్బు చేతికొచ్చేదీ ఆ తర్వాతే. వాళ్ల క్యాలెండరు తిథులది, మనది తారీఖులది. ఐదో తారీఖు అమావాస్య దగ్గర పడిందంటే మీటింగుకి రావాలా, ఏటికి పోవాలా? మీరైతే ఎక్కడికి పోతారు? ఇంకొందరు ఇటుక బట్టీల్లో, రొయ్యల గుంటల కాపలాలో ఉంటారు, వాళ్లకు వారానికొకసారి కూలి. నెలకు రెండొందలు ఒక్కసారి తీయమంటే కష్టం. వారానికి యాభై అంటే ఎవరినీ అడగక్కర్లేకుండా తీస్తారు. మొత్తం అదే రెండొందలు.

ఇంత చిన్న సంగతి ఎవరికీ ఎందుకు తట్టలేదంటే, మన తారీఖు మనకు తారీఖు లాగా కనపడదు. లోకం నడిచే తీరే అదనిపిస్తుంది.

ఊరు తిరిగే వాళ్ల మీద, వేళకు రాని వాళ్ల మీద అనుమానం ఈనాటిది కాదు. తెల్లవాళ్లు 1871లో ఒక చట్టం చేసి కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులని రాసేశారు. తర్వాత ఆ చట్టాన్ని మన వైపు మద్రాసు రాజధానికీ తెచ్చారు. గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ మోసి ఊరూరా అమ్ముకున్న ఎరుకల వాళ్లను దాని కింద పెట్టి, ఒక్కచోట కూర్చోబెట్టి హాజరు వేశారు. స్టూవర్టుపురం అట్టా పుట్టిందే, 1913లో. ఒకచోట ఇల్లు కట్టుకుని ఉండేవాడే మామూలు మనిషి అనుకున్న దొరకు, నడుస్తా బతికేవాడు దొంగలా కనిపించాడు. ఆ చట్టం 1952లో పోయింది. ఆ చూపు పూర్తిగా పోలేదు. ఊళ్లో ఏదన్నా పోతే ముందు ఎవరి గుడిసెల వైపు చూస్తారో మీకు నేను చెప్పాలా?

మనం కూడా ఒకప్పుడు ఆ చూపు కింద ఉన్నవాళ్లమే. బ్యాంకు లెక్క ప్రకారం మామూలు ఖాతాదారు అంటే పొలం పాసుపుస్తకం ఉన్న మగమనిషి. పొలం లేదు, సంతకం రాదు, హామీ లేదు, ఈమెకు అప్పేంది? నాబార్డు 1992లో దేశం మొత్తం మీద 500 సంఘాలతో బ్యాంకు అనుసంధానం మొదలుపెట్టినప్పుడు అది ప్రయోగమే. సరిగ్గా అదే ఏడాది మన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి ముందు నిలబడ్డారు. అక్షరదీపం బడుల్లో రాత్రిపూట చదువుకుంటా ఉన్న ఆడవాళ్లు. వర్ధినేని రోశమ్మ గారి పేరు మీరందరూ విన్నదే. ఆ రోజుల్లో సాయంత్రమైతే మొగుడు తాగి రావడం మామూలు. కూలి డబ్బు సారాకి పోవడం మామూలు. ఆడది చీపురూ కారప్పొడీ పట్టుకుని సారా బండికి అడ్డం నిలబడటం మాత్రం బరితెగింపు. ‘సంసారం చేసుకునే ఆడవాళ్ల పనేనా ఇది’ అన్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. సారాకి పోయే డబ్బు ఇంట్లో మిగిలితే దాన్ని ఏం చేద్దామన్న దాంట్లో నుంచే ఈ జిల్లాలో రోజుకు రూపాయి పొదుపు ఊపందుకుంది. ఈ రోజు మనం ఇంతమందిమి ఈ హాల్లో మైకు పెట్టుకుని కూర్చుంటే రోడ్డు మీద పోయేవాడు తలతిప్పి కూడా చూడడు. అంత మామూలైపోయాం. బరితెగించిన వాళ్లు కొందరు ఉంటే కదా, ఇదంతా మామూలైంది!

ఇప్పుడు అప్పుల దరఖాస్తుల దగ్గరికి వస్తాను. ఇది కాస్త నొప్పి పుట్టించేదే. ఒక సంఘంలో ఒక చెల్లెలు కుట్టుమిషను, బట్టల వ్యాపారం కోసం యాభై వేలు అడిగింది. భర్త వదిలేసి అయిదేళ్లు. ఒక కూతురు. రొయ్యల షెడ్డులో పని, కంపెనీ బస్సు రాత్రి పదీ పదకొండుకి దింపుతుంది. అంతకు ముందు రెండు అప్పులు తీసుకుని గడువులోగా కట్టింది. సంఘం ఆ దరఖాస్తును మూడు మీటింగులు వాయిదా వేసింది. తీర్మానాల పుస్తకంలో ‘విచారణ చేయవలసి ఉన్నది’ అని రాశారు. ఏం విచారణ? ఎన్ని గంటలకు వస్తుంది, ఎవరు దింపుతారు, ఫోన్లో అంతసేపు ఎవరితో మాట్లాడుతుంది. సూక్ష్మ రుణ ప్రణాళిక ఫారం నేను చాలా ఏళ్లుగా నింపిస్తున్నాను. ఆదాయం గడి ఉంది, ఖర్చు గడి ఉంది, పాత అప్పు గడి ఉంది, ఎందుకోసం అన్న గడి ఉంది. రాత్రి ఎన్ని గంటలకు ఇంటికొస్తుందన్న గడి నాకెక్కడా కనపడలేదు.

అదే సంఘంలో ఇంకొకామెకు అదే రోజు డెబ్బై అయిదు వేలు మంజూరు చేశారు. గేదెల కోసమని రాశారు. గేదె రాలేదు, డబ్బు భర్త చిట్టీ బాకీకి పోయింది. రెండు కంతులు ఆగింది. ఆమె మీద విచారణ ఎందుకు లేదంటే ఆమె ‘సంసార పక్షం మనిషి’. భర్త ఉన్నాడు, పొద్దుగూకేసరికి ఇంట్లో ఉంటుంది. మనకు తెలిసిన మాదిరిలో ఉంది కాబట్టి లెక్క అడగలేదు. ఆమె చెడ్డదని నేననడం లేదు, ఆ ఇంట్లో ఆమె చేతిలో ఏముందో నాకు తెలుసు. మనం నష్టపోయింది ఎక్కడో చూడమంటున్నా. తెలియని బతుకు మీద అనుమానపడి కట్టే మనిషిని ఆపాం, తెలిసిన బతుకును నమ్మి అడగాల్సింది అడగలేదు. ఆ మూడు వాయిదాల్లో ఆ చెల్లెలు బయట నూటికి అయిదు రూపాయల వడ్డీకి తెచ్చుకుంది. ఆ వడ్డీ ఎవరు కట్టారు? మన నోళ్లు కట్టలేదు కదా.

భర్త పోయిన అక్కల గురించి కూడా ఒక మాట. పోయినేడాది ఇలాంటి సభల్లో జ్యోతి వెలిగించేటప్పుడు ముందు వరసలో ఉన్న ఒక అక్క తనంతట తనే రెండడుగులు వెనక్కి జరగడం చూశాను. ఎవరూ జరగమనలేదు. అనక్కర్లేకుండానే జరిగింది. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. చట్టమైతే 1856లోనే వచ్చింది. అప్పట్లో దానికి ఎంత గోల! అదే కాలంలో కష్టం చేసుకునే కులాల్లో చాలా వాటిలో మారుమనువు ఉండనే ఉంది. భర్త పోతే పెద్దలు కూర్చుని ఇంకో ఇంటికి పంపేవాళ్లు, పిల్లల్ని ఎవరు పెంచాలో మాట్లాడేవాళ్లు. పైవాళ్లు దాన్ని తక్కువ కులాల అలవాటని చూశారు. తమాషా ఏందంటే, నాలుగు డబ్బులు చేరాక మన వాళ్లు కూడా ‘మా ఇళ్లల్లో మారుమనువులు లేవు’ అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఉన్న మంచిని పారేసి, లేని కట్టుబాటు తెచ్చి నెత్తిన పెట్టుకున్నాం. దాన్నే ఇప్పుడు అనాదిగా వస్తోందంటున్నాం.

ఇంతవరకూ విని ‘అయితే ఎవరి అలవాటు వాళ్లది, ఎవరినీ ఏమీ అనగూడదా’ అని మీరు అడగొచ్చు. పోయిన నెల ఒక మీటింగులో ఒక అక్క అడిగింది కూడా. నేనట్టా చెప్పడం లేదు.

2019-21లో కేంద్ర ప్రభుత్వం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చేసింది. అందులో ఆడవాళ్లను ఒక ప్రశ్న అడిగారు. చెప్పకుండా బయటికి పోయినా, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోయినా, ఎదురు చెప్పినా, వంట బాగా చేయకపోయినా, అత్తమామల్ని గౌరవించకపోయినా, ఇలాంటి ఏడు కారణాలు చదివి, వీటిలో దేనికైనా భర్త కొట్టడం సబబేనా అని. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 84 మంది ఆడవాళ్లు ఏదో ఒక కారణానికి సబబే అన్నారు. తెలంగాణలోనూ అంతే. దేశంలో ఆ లెక్కన పైనున్న రాష్ట్రాలు మనవే. ఈ లెక్క మగవాళ్లది కాదు, మనది. ఇన్నేళ్ల సంఘాలు, ఇన్ని కోట్ల టర్నోవరు మనది. మన ఇళ్లలో దెబ్బ ఇంకా మామూలే. చెంప వాచి వచ్చిన చెల్లెల్ని చూసి ‘ఏం చేశావే’ అని అడుగుతాం. ఆ ప్రశ్నలోనే ఆ 84 మందీ ఉన్నారు.

రాత్రి పదకొండుకు పని నుంచి వచ్చే ఆమె తేడా మనిషి. పెళ్లాన్ని కొట్టే ఆయన మాత్రం ‘కోపం ఎక్కువ, మనిషి మంచోడే’. ఈ రెండు తీర్పులూ ఒకే నోటి నుంచి వస్తా ఉన్నాయి. రెంటికీ కొలత ఒకటే, మనకు అలవాటైందా లేదా అని. ఎవరికి దెబ్బ తగులుతా ఉందో కొలిస్తే రెండూ తలకిందులవుతాయి. తిథి చూసి పొదుపు కట్టడం ఎవరికీ నొప్పి కాదు. కొంగు, బొట్టు, మేనరికం, ఆలస్యంగా ఇంటికి రావడం, ఆ మనిషిని పక్కకు పిలిచి అడిగితే తన సంగతి తను చెప్తుంది. దెబ్బలు తినే ఆమెను కూడా పక్కకు పిలిచే అడగండి, అత్త ముందరా మీటింగులో అందరి ముందరా కాదు. 2005లో గృహహింస చట్టం వచ్చింది, 181కి ఫోన్ చేయొచ్చు. ఈ నంబరు గ్రామ సంఘం ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో రాయించమని ఇంతకు ముందే చెప్పాను, ఎంతమంది రాయించారో చేతులెత్తండి చూద్దాం. ...సరే, ఈ నెలాఖరు లోపల మిగతా వాళ్లు రాయించండి.

భోజనాల తర్వాత రెండు తీర్మానాలు మీ ముందుకు వస్తాయి. మొదటిది, పొదుపు రోజును గ్రామ సంఘం కాకుండా ఏ సంఘానికి ఆ సంఘమే పెట్టుకోవాలి. నెలకొకసారి కట్టాలా, వారం వారం కట్టాలా అన్నదీ వాళ్ల ఇష్టమే, మొత్తం తగ్గకుండా ఉంటే చాలు. పాత జరిమానాలు వెనక్కి ఇవ్వాలా వద్దా అన్నది కూడా దాంట్లోనే ఉంది. దాని మీద పాలకవర్గంలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. నేనైతే ఇచ్చేయాలంటాను. రెండోది, అప్పు దరఖాస్తును ఫారంలో ఉన్న వివరాల మీదే తేల్చాలి. వాయిదా వేస్తే కారణం పుస్తకంలో విడమర్చి రాయాలి, ‘విచారణ’ అని ఒక్క మాట రాసి మూయగూడదు. కారణం రాసేటప్పుడు చెయ్యి వణికితే, అది రాయదగ్గది కాదని ఆ రాసేవాళ్లకే తెలుస్తుంది.

రెండో తీర్మానం మీద గట్టిగా వద్దనే వాళ్లు ఇక్కడే ఉండారు, నాకు తెలుసు. వాళ్లను కూడా మాట్లాడనివ్వండి, చప్పట్లు కొట్టి కూర్చోబెట్టొద్దు. ఏటి పక్క కాలనీల నుంచి వచ్చిన వాళ్లకు మూడున్నరకే ఆఖరు బస్సు. రేపు పున్నం కూడా. అందుకని వాళ్ల తీర్మానం ముందు తీసుకోమని అధ్యక్షురాలిని కోరుతా ఉన్నాను. సాంబారు చల్లారకముందే లేద్దాం పదండి.